పంచలో పొయ్యి, లోపల కొవ్వొత్తులు

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ మావారు రైతుబజారులో ఆగి కూరగాయలు తెచ్చారు. సంచీ వంటింటి గట్టు మీద బోర్లించి, ఒక చెవి పొయ్యి మీది పాల మీదా, ఇంకో చెవి హాల్లో పోట్లాడుకుంటున్న పిల్లల మీదా వేసి, అలవాటుగా ఒక చిక్కుడుకాయ తుంచి ఈనె లాగాను. వేళ్ళకు ఆ పచ్చి వాసన అంటుకుంది. కొంచెం కసరుగా, కొంచెం వగరుగా, మంచు ఆరని కంచె పక్కన నిలబడితే వచ్చే వాసన అది. నా చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు ఆగమన కాలంలో మొదటి ఆదివారం. పొద్దున చర్చిలో మొదటి కొవ్వొత్తి వెలిగించి, క్రిస్మస్ దాకా ఈ నాలుగు వారాలూ మనసు చెదరనివ్వకండి, ప్రభువు కోసం కనిపెట్టుకొని ఉండండి అని చెప్పారు. ఆ మాట పూర్తయ్యేలోపే నా మనసు గుమ్మం దాటి పోయింది. అది దానికి ఇవాళ అబ్బిన గుణం కాదు, చిన్నప్పుడు పడిన అలవాటు.

మాది అరకు లోయకు పైన, బస్సు దిగాక కాఫీ తోటల్లోంచి చాలాసేపు ఎక్కితే వచ్చే ఊరు. నేను చెప్పేది తొంభైల చివరి మాట. వానలు వెనకబట్టాక కొండవాలంతా వలిసె పూలతో పసుపుపచ్చగా ఉండి, ఆ పూలు రాలి గింజ పట్టే వేళకు చలి దిగేది. సిల్వర్ ఓకు చెట్ల నీడన కాఫీ పళ్ళు ఎర్రబడేవి. పొద్దున్నే మంచులో బుట్టలు నడుముకు కట్టుకుని అమ్మా నాన్నా తోటలోకి పోతే, బడి లేని రోజుల్లో నేనూ తమ్ముడూ వాళ్ళ వెంట పడి, చేతికందిన కొమ్మల పళ్ళు దూసి, పైనున్న తియ్యటి తోలు చప్పరించి, గింజలు ఎవరు దూరం ఊస్తారో పందెం వేసుకునేవాళ్ళం. కళ్ళంలో ఎండబోసిన కాఫీ పళ్ళ పులిసిన వాసన, చోళ్ళు, అంటే రాగులు, నూర్చే దుమ్ము, ఎవరింట్లోనో దుంపలు కాలుతున్న పొగ, లోయలోంచి పైకి తేలివచ్చే రైలు కూత, ఇవన్నీ కలిస్తే మాకు డిసెంబరు. చెవులు మొద్దుబారే చలిలో కూడా నేను ఒకచోట కుదురుగా కూర్చునేదాన్ని కాదు. "ఈ గుంటకి కాలు ఒక్కసోట నిలవదు" అనేది అవ్వ.

అవ్వ అంటే నాన్నకు అమ్మ. సన్నగా, ఎండిన అల్లం కొమ్ములాగా ఉండేది. ముక్కుకు రెండువైపులా పుడకలు, మోచేతి దాకా పచ్చబొట్లు, నోట్లో ఎప్పుడూ చుట్ట. నిప్పు వెలిగిన కొస నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగేది. పొగ ఎక్కడినుంచి వస్తోందో తెలియక కొత్తవాళ్ళు కంగారుపడేవాళ్ళు. ఎవరు పలకరించినా చుట్ట తీయకుండానే జవాబు చెప్పేది. ఆమె చెయ్యి తగలనిదే మా పెరట్లో ఏదీ మొలిచేది కాదు. విత్తనాల చిక్కుడు పిక్కలు బూడిదలో కలిపి, ఎండిన ఆనపకాయ బుర్రలో పోసి, మూతి పేడతో మెత్తి, పొగ తగిలేలా పొయ్యి పైన వేలాడదీసేది. ఆ ఏటి కొత్త పిక్కలు ఎండి మళ్ళీ బుర్రలోకి చేరేదాకా నాటగా మిగిలిన పాతవాటిని ముట్టనిచ్చేది కాదు. మేం ఆడుకోవడానికి నాలుగు పిక్కలు అడిగితే, "అవి ఆటకి కాదే, రేపటికి" అని చింతపిక్కలు చేతిలో పోసేది.

అంతటి అవ్వ మాతో కలిసి తినేది కాదు. ఆ బుర్ర వేలాడే పొయ్యి ఇంట్లో ఉన్నది కాదు, పంచలో ఉన్నది. మా ఇంటికి రెండు పొయ్యిలు. లోపలిది అమ్మది, పంచలోది అవ్వది. రెండిటికీ మధ్య ఒక్క మట్టిగోడ. అమ్మ పోపు వేస్తే అవ్వకు దగ్గు వచ్చేది, అవ్వ చేప కాలిస్తే మాకు లోపల నోరూరేది. అయినా అవ్వ గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు, లోపల వండింది నోట పెట్టేది కాదు.

అలా ఎందుకయిందో చెప్పాలంటే మా కొండల ఆచారం ఒకటి చెప్పాలి. దాన్ని మేం 'కొత్త' అంటాం. సామలు పండితే సామకొత్త, కందులు పండితే కందికొత్త, చిక్కుళ్ళకు చిక్కుడుకొత్త. పంట చేతికొచ్చినా, పాదు నిండా కాయలు వేలాడుతున్నా, ఊళ్ళో మంచిరోజు చూసే దిసారి రోజు చెప్పి, ఊరి మొదట్లో ఉన్న అమ్మవారి రాళ్ళ దగ్గర ఆ పంట వండి పెట్టేదాకా ఎవరూ దాన్ని తినకూడదు. తింటే తిన్నవాళ్ళకు కీడు, వాళ్ళతో ఒక పొయ్యి మీద తిన్నవాళ్ళకూ కీడు. చిక్కుడుకొత్త పుష్యమాసంలో వచ్చేది, క్రిస్మస్ పోయిన చాలా రోజులకు. మా ఇంట్లో బాప్తిస్మం తీసుకున్న ఏడాది నాన్న కొత్తకు ముందే చిక్కుడుకాయ కూర వండించాడు. ఇక ఆ భయం మాకు లేదని ఊరికి చూపించాలనుకున్నాడు. ఊరేమో పెద్దగా పట్టించుకోలేదు. అవ్వ మాత్రం ఆ సాయంత్రమే తన కుండా, తన గరిటే, మూడు రాళ్ళూ, విత్తనాల బుర్రా తీసుకుని పంచలోకి పోయింది. తిట్టలేదు, ఏడవలేదు. "మీరు మీ సామిని నమ్ముకున్నారు. నాను ముసిల్దాన్ని, నాకు బయమేస్తాది" అంది, అంతే.

ఆమె తనంతట తనే పోయింది, తనంతట తనే వస్తుంది అనేవాడు నాన్న. అలా అంటున్నప్పుడు అమ్మ ముఖం చూసేవాడు కాదు. చలికాలం వచ్చిందంటే అవ్వకు దగ్గు మొదలయ్యేది. నేను చెబుతున్న ఏడాది అది మరీ ఎక్కువయింది. పంచకు ఒకవైపు తడికే గాని గోడ లేదు. మంచు నేరుగా వచ్చి ఆమె గొంగళి మీద కూర్చునేది. నాకు ఆ డిసెంబరులో కావలసింది ఒక్కటే. అవ్వ లోపలికి రావాలి, మాతో కూర్చుని తినాలి. కొత్త గౌను కూడా ఆ తర్వాతే.

సాయంకాలం దీపాలవేళ మా ప్రార్థన. ఆ ఏడే మొదటిసారి నాన్న బిస్కెట్ డబ్బా మూతలో ఇసక పోసి నాలుగు తెల్ల కొవ్వొత్తులు గుచ్చాడు. ఊదారంగువి ఉండాలని చర్చి పాస్టరు అయ్యగారు చెప్పారు గాని, శుక్రవారం సంతలో తెల్లవే దొరికాయి. అమ్మ వాటి మొదళ్ళకు ఊదారంగు రిబ్బను ముక్కలు కట్టింది. కరెంటు పోయినా సరే, ఆ కొవ్వొత్తులు ఇంకో పనికి వాడనిచ్చేది కాదు. మొదటి వారం ఒకటి, రెండో వారం రెండు, అలా వెలుగు పెరుగుతూ పోవాలి. చాప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఇంకో ఆలోచన రానివ్వకుండా ప్రభువు రాక మీదే మనసు నిలపాలి. నాన్న నిలపమనేవాడు, నేను నిలపబోయేదాన్ని. ఇంతలో గోడ అవతల అవ్వ పుల్ల విరిచిన చప్పుడు. మళ్ళీ నిలిపితే దగ్గు. మళ్ళీ నిలిపితే, అవ్వ కుండలోంచి గంజి పొంగి నిప్పు మీద పడిన చుయ్యిమన్న చప్పుడు. బేత్లెహేముకు బయల్దేరిన నా మనసు ఏనాడూ మా పంచ దాటి పోలేకపోయింది. కళ్ళు తెరిచి చూస్తే తమ్ముడు అమ్మ ఒళ్ళో నిద్రపోయి ఉండేవాడు. నాన్న కళ్ళు గట్టిగా మూసుకుని, ముఖం మాత్రం గుమ్మం వైపు తిప్పి, దేవుడికి చెవుడేమో అన్నంత గట్టిగా ప్రార్థన చేస్తుండేవాడు. ఆ కేక ఎవరికోసమో అప్పుడు నాకు తెలియలేదు.

మొదటి ఆదివారం ప్రార్థన అవగానే నేను పంచలోకి పరిగెత్తాను. అవ్వ చోడి అంబలి కలుపుతోంది.

"ఏటే గుంటా, ఒక్కటే ఎలిగించినారు? మిగతావి ఏటి సేత్తారు?" అంది తలుపు సందులోంచి కనిపిస్తున్న కొవ్వొత్తుల్ని చూస్తూ.

మా ప్రభువు రావడానికి ఇంకా నాలుగు వారాలున్నాయని, అప్పటిదాకా కనిపెట్టుకొని ఉండాలని, వారానికొకటి వెలిగిస్తామని చెప్పాను.

"అయితే ఆయనొచ్చేదాకా ఏటేటి తినకూడదు?"

"తినకూడనిదేం లేదవ్వా. అన్నీ తింటాం."

అవ్వ గరిటె ఆపి నా ముఖంలోకి చూసింది. "అన్నీ తినీసి ఆగడమేటే? అది ఆగడమేటి?" అంది. వెక్కిరింపు కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది. తర్వాత అవ్వ తనలో తాను చాలాసేపు ఏదో లెక్క కట్టుకుంది. ఆమెకు తెలిసినంతలో, ఊరంతా ఎదురుచూసే పెద్దరోజు అంటే కొత్త. వచ్చేవాడు దేవుడయితే, ఆయనకు పెట్టకముందే ఇంటివాళ్ళు ఎలా తింటారు? చెప్పడం మేం మర్చిపోయామేగాని, మా సామికి కూడా కొత్త ఉండే ఉంటుందని ఆమె ఖాయం చేసుకుంది.

మర్నాటి నుంచి అవ్వ మకాం చిక్కుడు పాదు దగ్గరే. మా పెరటి కంచె మీద ఆ పాదు ఈ కొస నుంచి ఆ కొస దాకా అల్లుకునేది. పూలు ఊదారంగు, కాయ అంచున సన్నటి ఎర్రగీత. లేతకాయల్ని గోటితో గీరితే గోరంతా పచ్చనయ్యేది. పొద్దుటి మంచు ఆకుల చివరనుంచి జారుతుంటే, అవ్వ గొంగళి కప్పుకుని, పక్కన చలిమంట వేసుకుని, చుట్ట నోట్లో తిప్పుకుంటూ కాపలా కూర్చునేది. అమ్మ బుట్టతో వస్తే, "గుమ్మడికాయుంది కదా, అది కొయ్యి" అని అటు తిప్పేది. మేం దొంగాట ఆడుతూ కంచె వెనక నక్కినా కసురుకునేది. ముసలామెకు చాదస్తం ముదిరిందని అమ్మ అనుకుంది. తన దేవతల కోసం కాపలా అనుకున్నాం మేమంతా. అది మా ప్రభువు కోసమని ఎవరికి తడుతుంది?

రెండో ఆదివారం పోయాక ఒక రోజు అయ్యగారు మా ఇంటికి వచ్చారు. కిందనుంచి, పల్లపు ఊరునుంచి, ఆ ఏడే మా కొండకు వచ్చిన కుర్రాయన. స్వెట్టరు మీద స్వెట్టరు, నెత్తిన కోతిటోపీ, అయినా పళ్ళు టకటకలాడేవి. చెప్పాపెట్టకుండా మధ్యాహ్నం వేళ వచ్చేసరికి అమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంట్లో చూస్తే గుమ్మడి ముక్క కూడా లేదు. అవ్వ పుల్లలకని అడవికి పోయి ఉంది. అమ్మ పాదు దగ్గరికి పోయి ఒడి నిండా చిక్కుడుకాయలు కోసుకొచ్చి, పచ్చిమిరపకాయలు వేసి గబగబా కూర చేసింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది. అడ్డాకుల విస్తరి పరిచి, పొగలు కక్కే అన్నం, పక్కన కూర వడ్డించి, నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అయ్యగారు కళ్ళు మూసుకుని భోజనం మీద ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన పొడుగు. పంటల కోసం, కాఫీ ధర కోసం, జబ్బుపడ్డవాళ్ళ కోసం, ఆగమన కాలంలో మా మనసులు స్థిరంగా ఉండటం కోసం. నాన్నా అమ్మా కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. స్థిరంగా ఉండని మనసు కదా, అది కూర వాసన చుట్టూ తిరుగుతోంది. అప్పుడు చూశాను. పుల్లల మోపు పంచలో దింపి, వాసన పట్టి, గుమ్మంలో నిలబడింది అవ్వ. లోపలికి వంగి చూసింది. ఒక అడుగు వేసింది. ఎన్నాళ్ళుగానో దాటని గుమ్మం దాటింది! చప్పుడు కాకుండా వచ్చి, అయ్యగారి ముందున్న విస్తరిని రెండు చేతులా అన్నంతో సహా ఎత్తుకుని, వచ్చిన దారినే పోయింది.

"ఆమేన్" అని అయ్యగారు కళ్ళు తెరిచేసరికి ముందు ఖాళీ చాప. ఆయన చాప వంకా, మా వంకా చూశారు.

"అమ్మా! ఏటిది?" అన్నాడు నాన్న.

గుమ్మం అవతల విస్తరి గుండెలకు ఆనించుకుని నిలబడి ఉంది అవ్వ. "కోప్పడకు బాబూ" అంది అయ్యగారితో. "మీ సామి ఇంకా రానేదు కదా. ఆయనకి పెట్టకుండా నువ్వు ముందే తినీత్తే, రేపు నీకేటయినా అయితే? కన్నతల్లి ఎక్కడో ఉంటాది. మాకు మాటొత్తాది."

అయ్యగారికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నాన్న తలవంచుకుని 'కొత్త' ఆచారం గురించి చెప్పాడు. "అమ్మా, ఇప్పుడు అలాంటి భయాలేవీ అక్కర్లేదమ్మా. దేవుడు అన్నీ తినమనే ఇచ్చాడు" అన్నారు అయ్యగారు మెల్లిగా.

"బయమే బాబూ. బయం నేకపోతే ఆకలేసినోడు ఆగుతాడేటి?" అంది అవ్వ. ఆ వెంటనే, "అంబలుంది, తాగుతావా?" అని అడిగింది.

ఆయన అంబలి తాగారు. ఎండుమిరపకాయ నంజుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే నవ్వడానికి ప్రయత్నించి, పొద్దు వాలకముందే కొండ దిగిపోయారు. మనసులో ఏమనుకున్నారో నాకిప్పటికీ తెలియదు. నాన్న మాత్రం కుంగిపోయాడు. చీకటి పడేదాకా కళ్ళంలో కాఫీ పళ్ళు అటూ ఇటూ తిరగేస్తూ ఉన్నాడు. నాకు నాన్నను చూస్తే జాలేసింది, అవ్వను చూస్తే భయమేసింది. నాన్న ఏమైనా అంటే ఆమె పంచలోంచి కూడా పోతుందేమోనని. గుమ్మం దాటి వచ్చిన మనిషి మళ్ళీ దాటిపోయిందన్న బాధ వీటన్నిటి కింద మండుతూనే ఉంది. ఆ కూర అవ్వ ఎవరికీ పెట్టలేదు, మట్టిలో కప్పేసింది.

ఆ తర్వాత అమ్మ చిక్కుడుకాయ కొయ్యలేదు. వద్దని నాన్న అనలేదు, మానేశానని అమ్మ చెప్పలేదు. రోజూ గుమ్మడి, ఎండబెట్టిన వెదురుకొమ్ములు, ఆకుకూర, అంబలి. ఊళ్ళో చర్చికి వచ్చే తక్కిన ఇళ్ళవాళ్ళు తింటూనే ఉన్నారు. సాయంత్రం ఆటలకు పోతే వాళ్ళ వంటిళ్ళలోంచి ఆ వాసన వచ్చి ముక్కుకు కొట్టేది. మా పాదు మీద కాయలు లావెక్కాయి. లోపలి పిక్కలు ఉబ్బి పైకి కనిపించసాగాయి. బడికి పోతూ చూసేదాన్ని, బడి నుంచి వచ్చి చూసేదాన్ని, ఆకలేసినప్పుడు చూసేదాన్ని. అప్పటిదాకా నాకు ఎదురుచూపంటే కొవ్వొత్తులు. ఆ వారాల్లో అది కడుపులోకి దిగింది. ప్రార్థనలో "ప్రభువా, రమ్ము" అని నాన్న అన్నప్పుడు, బేగి రా, చిక్కుడుకాయలు ముదిరిపోతున్నాయి అని నేను నిజంగానే బతిమాలాను. అంత మనసు పెట్టి నేను చేసిన ప్రార్థన అదే మొదటిది.

ఒక సాయంత్రం నాన్న పాత నిబంధన చదువుతున్నాడు. కూడబలుక్కుంటూ, వేలు అక్షరాల కింద జరుపుతూ చదవడం ఆయన అలవాటు. కొత్త పంట తెచ్చి దేవుడికి అర్పించే రోజు వరకూ దాన్ని తినకూడదని ఇశ్రాయేలీయులకు చెప్పిన చోటు వచ్చింది. వేలు ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివాడు, ఈసారి గట్టిగా, గుమ్మం వైపు తిరిగి. పంచలో పుల్లల చప్పుడు ఆగింది. అవ్వ ఏమైనా అంటుందేమోనని నలుగురం గుమ్మం వైపు చూశాం. చుట్ట నేలకేసి నలిపిన చప్పుడు మాత్రం వినిపించింది.

క్రిస్మస్ వచ్చింది. రేకుల షెడ్డు చర్చిలో రంగు కాగితాల స్టారు కింద పాటలు పాడుతుంటే నా నోరు పాడింది, మనసు ఇంటి దగ్గరే ఉంది. ఇవాళ మా ఎదురుచూపు అయిపోయింది, చిక్కుడుకాయలు తినొచ్చు. కానీ మేం తింటే? అవ్వ కొత్త ఇంకా చాలా దూరం ఉంది. మా సామి కొత్త మాకయింది గాని, ఆమె అమ్మవారి కొత్త కాలేదు. లోపలి పొయ్యి మీద ఇవాళ ఆ కూర ఉడికిందంటే అవ్వ ఇక ఎప్పటికీ లోపలికి రాదు. ఈ సంగతి నాకొక్కదానికే తట్టిందనుకుని ఆరాధన అంతా గౌను అంచు నలుపుతూ కూర్చున్నాను.

ఇంటికి రాగానే అమ్మ బుట్ట తీసుకుని పాదు దగ్గరికి పోయింది. కాయ మీద చెయ్యి వేసింది. తుంచలేదు. అలా పట్టుకునే ఉంది. నాన్న పెరటి మెట్టు మీద నిలబడి చూస్తున్నాడు. పండగపూట మా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఒక చిక్కుడుకాయ దగ్గర అలా ఆగిపోయారు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు పంచలోంచి అవ్వ వచ్చింది. చేతిలో విత్తనాల బుర్ర. మూతికి మెత్తిన పేడను బొటనవేలితో పొడిచి, పెల్లగించి, బుర్ర వంచి, గలగలమని పిక్కలన్నీ అమ్మ బుట్టలో పోసింది. బూడిద పొగలాగా లేచింది.

"ఇవి పోయినేటివి" అంది. "ఈటికి కొత్త ఎప్పుడో అయిపోనాది. మీ సామీ తినొచ్చు, నానూ తినొచ్చు."

"విత్తనం కదమ్మా. ఈ ఏటి కాయలు ఎండకముందే ఏదయినా అయితే?" అన్నాడు నాన్న.

"ఏటవుతాది? మీ సామొచ్చినాడన్నావు కదా, సూసుకోమను" అంది అవ్వ. ఆమె గొంతులో ధైర్యం లేదు. ఆమెకు నిజంగానే భయంగా ఉంది. భయపడుతూనే అంతా ఇచ్చేసింది.

నానబెట్టని పాత పిక్కలు ఎంతకీ ఉడకవు. అమ్మకు వాటి సంగతి తెలియదని అవ్వ గొణిగింది. నీళ్ళెక్కువయ్యాయంది, మంట తక్కువయిందంది, గుమ్మంలో నిలబడి చెబితే ఎవరికీ పని జరగడంలేదని విసుక్కుని చివరకు లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. మధ్యాహ్నమంతా కూర్చుంది. కోడికూర చల్లారిపోయింది. బూరెలు తిని తమ్ముడు నిద్రపోయాడు. నేను కుండ చుట్టూ, అవ్వ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను, ఉడికాయా, ఉడికాయా అని. లేదులే, కూకో, అంటుంది. ఉడికితే అవ్వ లేచిపోతుందేమో, ఉడక్కపోతే బాగుండుననీ ఉంది, ఆకలితో కళ్ళు తిరుగుతూనూ ఉన్నాయి. దీపాలవేళకు పిక్కలు మెత్తబడ్డాయి. విస్తర్లు పరిచారు. నాన్నకూ నాకూ మధ్య కూర్చుంది అవ్వ.

నాన్న ప్రార్థన చేశాడు. చిన్న ప్రార్థన. గొంతు ఎంత మెల్లగా ఉందంటే పక్కనున్న నాకు కూడా అన్ని మాటలూ వినపడలేదు. ఇన్నాళ్ళూ ఆ కేక గోడ దాటడానికేనని అప్పుడు తెలిసింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎటైనా పోతుందేమోనని చూశాను. నా మనసుకు బయట పని లేదు. పక్కన అవ్వ చుట్ట వాసన, పిక్కల్లో కొంచెం బూడిద రుచి. ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

కొత్త పిక్కలు మేం పుష్యమాసం దాకా తినలేదు. ఎవరూ చెప్పలేదు, అలా జరిగిపోయింది. కొత్త రోజున అమ్మవారికి పెట్టినదాంట్లోంచి అవ్వ మాకు తేలేదు, మేం అడగలేదు. ఆ మర్నాడు అమ్మ పాదు మీదినుంచి కోసి వండితే అందరం తిన్నాం. పంచలో మూడు రాళ్ళూ అలాగే ఉన్నాయి గాని వాటి మీద మళ్ళీ కుండ ఎక్కలేదు. అవ్వ చర్చికి ఎప్పుడూ రాలేదు. ప్రార్థనకు లోపలే కూర్చునేది, మధ్యలో లేచి పొయ్యి ఎగదోసేది. నేను పై చదువులకు కిందకు దిగిన మరుసటి చలికాలంలో అవ్వ పోయింది.

ఇప్పుడు ఆ పెరట్లో టూరిస్టులకు గుడారాలు వేశారు. కంచె ఉన్నచోట ఊయల ఉంది, దాని మీద కూర్చుని ఫొటోలు దిగుతారు. ఎర్రగీత చిక్కుడు మా ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. విత్తనాలు పొట్లాల్లో వస్తాయి, వాటి కాయలు పచ్చగా, సాఫుగా ఒక్కలాగే ఉంటాయి. దిసారి కొడుకు జీపు నడుపుతాడు. కొత్త పండగ ఇంకా చేస్తున్నారు గాని, సంతలో ఏడాది పొడుగునా చిక్కుడుకాయలు దొరుకుతుంటే ఎవరు ఎంతకని ఆగుతారు? నా దగ్గరా కొవ్వొత్తులు బాగున్నాయి, అసలైన ఊదారంగువి, ఒకటి గులాబీరంగుది, ఇంటికే పెట్టెలో వచ్చాయి. ఫోనులో రోజుకో వాక్యం వస్తుంది, చదివేలోపు ఇంకేదో వస్తుంది. పిల్లలు నవంబరు నుంచే క్రిస్మస్ కేకు తింటున్నారు. ఆ ఒక్క సాయంత్రం నిలిచిన నా మనసు మళ్ళీ అలా నిలిచింది లేదు.

మొన్న ఆ చిక్కుడుకాయల్ని వండలేకపోయాను. కవరులో చుట్టి ఫ్రిజ్జులో పెట్టాను. క్రిస్మస్ దాకా ఉండవని తెలుసు. పిల్లల్ని కూర్చోబెట్టి, మొదటి కొవ్వొత్తి వెలిగించి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. మనసు లేచి బాల్కనీలోకి పోయింది. అక్కడ చెప్పుల స్టాండు, వాషింగ్ మెషీను, ఆరేసిన యూనిఫారాలు. చూసుకుని వెనక్కి రమ్మన్నాను, రాలేదు. ఆమేన్ అన్నాక మా చిన్నది చెవులు మూసుకున్న చేతులు తీసి, "అమ్మా, దేవుడికి వినిపించదా ఏంటి? ఎందుకంత గట్టిగా అరుస్తున్నావు, బాల్కనీ వైపు తిరిగి?" అంది.